వంగమంటే వంగని పిలకాయలు

కోవిల్పట్టి
1934 జూలై

అక్కకు,

కుమారసామి దండాలు. మద్రాసులో డ్రిల్లు చదువు ముగించి ఇక్కడి హైస్కూల్లో చేరి నెల కావస్తోంది. బతికే ఉన్నాను, రెండు పూటలా తింటున్నాను, గొంతు మాత్రం పోయింది. నీకు కావలసిన కబుర్లు ఇవే గనుక ముందే రాసేశాను. ఇక నా గోడు విను.

మా పిలకాయలు హాకీ అంటే ప్రాణం పెడతారు. ఎండలో, నల్లరేగడి నేలలో, ఉత్తకాళ్ళతో పరిగెత్తుతారు. కానీ ఒక్కొక్కడి ఒళ్ళూ కొయ్యలాగా బిగుసుకుపోయి ఉంది. పదిహేను, పదహారేళ్ళ వయసు కదా, ఎముక గబగబా పెరుగుతుంటే కండ దానితో పాటు సాగలేక లాగుతూ ఉంటుంది. చెండు కాస్త దూరంగా పోతే కాలు చాచలేరు. చాచినవాడు తొడ పట్టుకుని కూలబడతాడు. ఆటకు ముందు ఒళ్ళు కదిలించి కీళ్ళు వదులు చేసుకోవాలని, ఆట అయ్యాక మెల్లగా సాగదీసుకోవాలని మద్రాసులో మాకు నూరిపోశారు. అదే నేర్పుదామని మొదటిరోజే అందరినీ వరసగా నిలబెట్టి, "వంగి కాలివేళ్ళు ముట్టుకోండి" అన్నాను.

అందరూ వంగారు అక్కా. వంగి, కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డారు. నాకు ఏమీ అర్థం కాలేదు. చివర ఉన్న శంకరలింగం అనే తమిళ పిల్లవాడు నెమ్మదిగా అడిగాడు, "ఎన్ని దెబ్బలు సార్?" అని. మన బడుల్లో వాద్యారు వంగమన్నాడంటే బెత్తం తీశాడనే కదా అర్థం! నవ్వుతున్నావా? నాకు నవ్వు రాలేదు. వదులు చేయబోయి ఇంకా బిగించాను. ఎంత బతిమాలినా, బెత్తం లేని చేతులు రెండూ చూపించినా, ఆ మాట చెవిన పడితే చాలు, వీపు కర్రలా అయిపోతోంది.

నిన్న ఒక పిల్లవాడి తండ్రి, మునుసామి అని, స్కూలుకే వచ్చాడు. మనవాడే, తెలుగులోనే తగులుకున్నాడు. "ఏమి వాద్యారయ్యా, నా కొడుకు ఏం తప్పు చేసినాడని దినమూ వంగబెట్టేది? తప్పు చేసుంటే రెండేసి పంపించండి. కొట్టకుండా ఊరికే వంగబెట్టేది ఏం పద్ధతి?" అన్నాడు. హెడ్మాస్టరు వెంకటరామన్ గారు పక్క గదిలో దగ్గుతున్నట్టు నటిస్తూ నవ్వుకున్నారు.

నీ కొడుకు దగ్గర నుంచి ఉత్తరం లేదేం? విరుదునగర్ జట్టులో చేరానని పొంగిపోతూ రాసినవాడు ఒక్కసారిగా చప్పుడు మానేశాడు. బావగారికి నా దండాలు చెప్పు.

కుమారసామి


విరుదునగర్
జూలై

తమ్ముడు కుమారసామికి,

అక్క బొమ్మక్క దీవెనలు. నీ ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు పొంగినా లేవలేకపోయాను, అంత నవ్వు వచ్చింది. చిన్నప్పుడు నిన్ను వంగబెట్టని వాద్యారు లేడు, ఇప్పుడు ఊరి పిల్లలందరినీ వంగబెట్టి పగ తీర్చుకుంటున్నావు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ బావ పత్తి మండీ, తక్కెడ, మూటలు, అదే లోకం. చిన్నతంబి చదువుకుంటున్నాడు. పొడుగు పెరిగాడు, గుమ్మం తగులుతోంది. ఆడుతున్నాడా అంటే ఆడుతున్నాడు, ఇంకేం చేస్తాడు. ఉత్తరం రాయమని చెప్తాను.

ఒక్క సంగతి. ఇక్కడ పక్కింట్లో ఒక పిల్లవాడికి పరుగెత్తేటప్పుడు తొడ వెనక చుర్రుమని పట్టేసింది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ అదేచోట పడుతోంది. మూడోసారి కూడా పట్టాక నూనె రాసి కాలు పట్టుకుని లాగారు, ఇంకా ఎక్కువైంది. ఏం చేయాలో రాయి. ఆ తల్లి నన్ను అడిగింది, నువ్వు డ్రిల్లు చదువుకున్నవాడివని.

బొమ్మక్క


కోవిల్పట్టి
ఆగస్టు

అక్కకు,

ఆ పక్కింటి పిల్లవాడు నిన్ను అమ్మా అని పిలుస్తాడా? పొడుగు పెరిగి వాడికి గుమ్మం తగులుతోందా?

నా దగ్గర దాచడం నీకు ఎప్పుడూ చేతకాలేదు. ముందు వైద్యం రాస్తాను, తరువాత నువ్వు నిజం రాయి. కాలు పట్టి లాగేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళను ఇంట్లోకి రానీయకు. నొప్పి పోయేదాకా పరుగు వద్దు, నడక చాలు. నొప్పి పోయింది కదా అని ఒకేసారి మైదానానికి పరుగెత్తాడు, అందుకే మళ్ళీ మళ్ళీ పడుతోంది. కండ చల్లగా ఉన్నప్పుడు సాగదీయకూడదు. మొదట కదలాలి, ఒళ్ళు వెచ్చబడాలి, చెమట పట్టాలి. అప్పుడు వంగాలి. నడుము విరవడం కాదు, తుంటి దగ్గర మడవాలి. నొప్పి మొదలయ్యే చోటికి కాస్త ముందే ఆగాలి. ఎగిరెగిరి లాగకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. రోజూ కొంచెం. వాడికి ఓపిక ఉండదని తెలుసు, అందుకే నీకు రాస్తున్నాను.

నా పిలకాయల సంగతి ఏం చెప్పను. వంగు అనడం మానేసి "మడవండి" అన్నాను, "దించండి" అన్నాను. పేరు మార్చితే మోసపోయేంత వెర్రివాళ్ళు కారు. మొన్నటి ఆటలో ఇద్దరు తొడలు పట్టుకుని బయటికొచ్చారు. చదివిన చదువంతా గంగలో కలిసినట్టుంది. నాకు సిగ్గుగా ఉంది.

కుమారసామి


విరుదునగర్
ఆగస్టు

తమ్ముడికి,

సరే, వాడే. ఇప్పుడు సంతోషమా?

నీకు రాయకపోవడానికి కారణం ఉంది. మూడోసారి కుంటుకుంటూ ఇంటికి వచ్చినరోజు మీ బావ వాడిని కూర్చోబెట్టి చెప్పేశాడు. "ఇంకొక్కసారి నువ్వు కుంటుకుంటా గడప తొక్కితివా, ఆ దినంతో స్కూలు సరి. మండీలో వచ్చి కూర్చోవాల. కాలు పోతే నీకు ఎవురు ఇస్తారు?" అన్నాడు. కోపంగా అనలేదు కుమారసామీ, అదే నాకు భయం. కోపంగా అన్న మాటైతే మర్నాటికి మరిచిపోతాడు. మెల్లగా అన్న మాట మీద మీ బావ నిలబడతాడు. ఆయన చిన్నాన్న ఒకడు మూట మీద పడి కాలు పోగొట్టుకుని జన్మంతా అరుగు మీద కూర్చున్నాడు, ఆ అరుగు చూస్తూ పెరిగిన మనిషి ఈయన. ఆటకు పోవద్దని మాత్రం అనలేదు. పోయి తిరిగి నడిచి రావాలి, అంతే.

వాడు ఆట మానుకుంటే చదువు నిలుస్తుంది. మానుకోరా అని నేనే అన్నాను. వాడు గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాడు. పదహారేళ్ళవాడు ఏడుస్తుంటే చూడలేం. మళ్ళీ ఆ మాట అనలేదు.

నువ్వు రాసినట్టు చేయిద్దామని పెరట్లో నిలబెట్టి వంగరా అన్నాను. నీ పిలకాయల కథే. కన్నతల్లి చెప్పినా వీపు బిగుస్తుంది! విసుగొచ్చి వదిలేశాను.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం మన చుట్టాల్లో ముత్తమ్మాళ్ కూతురి పెళ్ళికి పోయాం. ఉరుమి డోలు మోగగానే మగవాళ్ళంతా వలయం కట్టి మన దేవరాట్టం ఆడడానికి దిగారు, చేతిగుడ్డలు విసురుతూ. ఈ చిన్నతంబి కూడా దిగాడు. మీ బావ పందిట్లో ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. కాని వీడు ముందుకు ఒరిగాడు, గొంతుక్కూర్చున్నాడు, లేచాడు, ఒక కాలు దూరంగా చాచి ఒళ్ళంతా పక్కకు తిప్పాడు. మధ్యాహ్నమంతా ఆడాడు. ఎక్కడా పట్టలేదు! ఇంటికి మామూలుగా నడిచి వచ్చాడు.

వంగమని ఉరుమి చెప్పదు కదరా. అది మోగుతుంది, ఒళ్ళు తనే వంగుతుంది. ఇంక నీ మద్రాసు చదువుతో ఏం చేస్తావో చెయ్యి.

బొమ్మక్క


కోవిల్పట్టి
సెప్టెంబరు

నా బంగారు అక్కకు,

నీ ఉత్తరం పట్టుకుని రోడ్డు మీదే గంతేశాను. ఎదురొచ్చిన బండివాడు ఎద్దుల్ని పక్కకు తోలుకుపోయాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, నా కాళ్ళకు తెలిసినదే, మద్రాసులో ఉన్నంతకాలం ఒక్కసారీ తట్టలేదు!

వెంటనే ఉరుమి వాయించే మన పెరియసామి తాత దగ్గరికి పరుగెత్తాను, మా పిలకాయలకు వాయించమని. తాత నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇది దేవునికి కొట్టేది. కట్టెల్తో చెండు తోసే ఆటకు నేను కొట్టను, నువ్వు అడగలేదు, నేను వినలేదు" అన్నాడు. బతిమాలాను. లేదు పొమ్మన్నాడు. నేను గడప దిగుతుంటే వెనక నుంచి, "కిరసనాయిలు డబ్బాకు దేవుడు అడ్డం రాడులే" అన్నాడు. తాత నోట ఆ మాట వస్తే అనుమతి కిందే లెక్క.

మర్నాడు డబ్బా మోగింది అక్కా! వరస లేదు, అటెన్షన్ లేదు, వంగు అనే మాట అసలే లేదు. వలయంగా నిలబెట్టాను. మనవాళ్ళ పిల్లలకు చెప్పే పనే లేకపోయింది. మిగతావాళ్ళు వాళ్ళను చూసి పట్టుకున్నారు. అందరికన్నా బాగా ఆడేది ఎవడనుకున్నావు, ఎన్ని దెబ్బలు అని అడిగిన ఆ శంకరలింగమే! మునుసామి మళ్ళీ వచ్చాడు, పోట్లాడడానికి. కాసేపు నిలబడి చూసి, "అడుగు తప్పుతా ఉండారు, కాలు ఇట్ల పెట్టాల" అని తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని తనే దిగాడు.

ఊరికే ఆడించడం లేదు, నేను చదివినదీ ఇందులోనే కలిపాను. చిన్నతంబికి ఇదే క్రమం చెప్పు. మొదట నిలబడి ఊగే అడుగు, మెల్లగా, చీలమండలు తేలికయ్యే దాకా. తరువాత పక్కకు పోయి తిరిగి వచ్చేది, అది తుంటికి. చేతిగుడ్డ విసిరేది భుజాలకు. కాలు చాచేదీ, గొంతుక్కూర్చుని లేచేదీ చెమట పట్టాకే, ముందు చేస్తే నా మీద ఒట్టు. ఆట ముగిశాక డబ్బా వద్దు. చల్లగా కూర్చుని, కాలు చాచి, ఊపిరి వదులుతూ మెత్తగా ముందుకు ఒరగాలి. ఇప్పుడు ఒరుగుతాడు చూడు. ఒళ్ళు వెచ్చగా ఉంటే భయం కూడా వదులవుతుంది.

కుమారసామి


విరుదునగర్
డిసెంబరు

తమ్ముడికి,

నా పెరటి సంగతి ఇన్నాళ్ళూ నీకు రాయలేదు. మొదట నేను ఇత్తడి బిందె బోర్లించి కొట్టేదాన్ని, చిన్నతంబి ఒక్కడే ఆడేవాడు. ఒకరోజు వాడి స్నేహితుడు ఒకడు గోడ మీద నుంచి చూశాడు. మర్నాడు నలుగురు వచ్చారు. ఇప్పుడు జట్టు జట్టంతా సాయంత్రం నా పెరట్లోనే. మీ బావ పత్తి చేలు చూడ్డానికి పల్లెలు తిరుగుతున్నాడు గనుక సరిపోయింది. నా బిందెకు సొట్టలు పడ్డాయి, నా రెండు కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. ఇరుగుపొరుగు వాళ్ళు, బొమ్మక్కకు పూనకం వచ్చిందా అని అడుగుతున్నారట. వచ్చిందని చెప్పమన్నాను.

చాచేటప్పుడు ఎవడైనా ఊపిరి బిగబడితే నాకు తెలిసిపోతోంది. "వదలరా, ఎవురూ కొట్టరు" అంటాను. పకపకా నవ్వుతారు, నవ్వితే ఊపిరి వదిలినట్టే కదా. నీ చదువులో ఈ ఉపాయం ఉందా?

చిన్నతంబికి ఇన్ని నెలల్లో ఒక్కసారీ పట్టలేదు కుమారసామీ. స్కూళ్ళ పోటీల్లో వాళ్ళు వరసగా గెలుస్తున్నారు. ఫైనల్ ఎవరితోనో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. వాడిని నీ ఊరికే, నీ మీదికే పంపుతున్నాను. మేనల్లుడని చూడొద్దు, నీ పిలకాయల్ని బాగా తయారు చేసుకో, లేకపోతే పరువు పోయేది నీకే.

ఇంత గొప్పలు రాశాను గాని నా భయం నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను. ఫైనల్‌కు పోతున్నానని వాడు వాళ్ళ నాన్నకు చెప్పాడు. "పోరా. నడిచి రా" అన్నాడు. అంతే. అన్న మాట మరిచిపోలేదు. ఆరోజు తను అరుప్పుకోట్టైకి పత్తి బేరానికి పోతున్నాడట. ఇంట్లో నేనొక్కదాన్నే ఎదురుచూడాలి. ఆట ముగియగానే నాకు రాయి. మొదటి మాటే వాడి కాలు గురించి రాయి.

బొమ్మక్క


కోవిల్పట్టి
1935 ఫిబ్రవరి

అక్కకు,

వాడి కాలు బాగుంది. బాగుంది అక్కా! వాడు ఇల్లు చేరాకే ఈ ఉత్తరం నీకు అందుతుంది, అయినా నువ్వు అడిగినట్టే మొదటి మాట అదే రాశాను.

మీవాళ్ళే గెలిచారు. ఒకటీ సున్నా. మా ఊరి మైదానంలో, మా ఊరి జనం ముందు, నా పిలకాయల మీద గెలిచారు. ఇంత సంతోషంగా ఓడిపోయిన వాద్యారు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు.

ఆటకు ముందే తమాషా. ఇటు మా డబ్బా మోగింది, అటు మీ కుర్రాళ్ళు సొట్టల బిందె బయటికి తీశారు! రెండు జట్లూ రెండు వలయాలు కట్టి ఆడుతుంటే జనానికి అది హాకీయో పెళ్ళో తెలియలేదు. ఇద్దరి తాళమూ కలిసిపోయి చివరికి ఒకటే ఆట అయింది. పెరియసామి తాత గట్టు మీద కూర్చుని, చూడనట్టు మొహం పక్కకు తిప్పుకుని, తొడ మీద తాళం వేస్తున్నాడు.

ఆట మాత్రం భీకరం. మా శంకరలింగం ఎటు కొడితే అటు అందుకుంటున్నాడు. రెండు జట్లలో ఒక్కడూ తొడ పట్టుకుని బయటికి పోలేదు. చివరి వేళకు కూడా గోల్ లేదు. అప్పుడు మీవాళ్ళలో ఎవడో గట్టిగా కొట్టిన చెండు గోల్ ముందు నుంచి అడ్డంగా దూసుకుపోయింది. అందదని నా పిలకాయలు వదిలేశారు. అందదని నేనూ అనుకున్నాను. చిన్నతంబి పరుగెత్తుతూ వచ్చి ఒక కాలు బారుగా ముందుకు చాచి, రెండో మోకాలు నేలకు ఆనించి, ఒళ్ళంతా పరిచి కట్టె సాచాడు. చాచింది ఆ కాలే అక్కా, మూడుసార్లు పట్టినదే. చెండు కట్టె కొసకు తగిలి లోపలికి పోయింది.

గోల్ ఎవరు చూశారు! వాడు అలాగే నేలమీద ఉండిపోయాడు. దుమ్ము లేచి నాకు మొహం కనపడలేదు. ఊపిరి బిగబట్టొద్దని ఊరందరికీ చెప్పే నేను ఊపిరి తీయలేదు. దుమ్ములోంచి వాడు లేచాడు. నవ్వుతూ, రెండు కాళ్ళ మీద గట్టిగా నిలబడి, కట్టె పైకెత్తాడు. నేను గొంతు చించుకుని అరిచాను. వెంకటరామన్ గారు నా భుజం తట్టి, "కుమారసామీ, మీరు ఏ స్కూలు?" అని అడిగారు. అప్పుడు గాని నోరు మూతపడలేదు.

ఇక చెప్పకూడని సంగతి. జనం వెనక, చింతపండు బండి చాటున, తలగుడ్డ కనుబొమల దాకా దించుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చిన్నతంబి నేల మీద పడగానే ఆ మనిషి జనాన్ని తోసుకుంటూ తాడు దాటి లోపలికి వచ్చేశాడు. వాడు లేవగానే ఉన్నచోటే కూలబడిపోయాడు. దగ్గరికి పోయి చూస్తే మా బావగారు! చేయి పట్టి లేపాను. కళ్ళు తుడుచుకుని, "దుమ్ము పడింది" అన్నారు. "మీ అక్కకు చెప్పొద్దు" అన్నారు. చెప్పనని మాట ఇచ్చాను, వెంటనే వచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కుమారసామి


విరుదునగర్
ఫిబ్రవరి

తమ్ముడికి,

నేను వీధి మొదట్లోనే నిలబడి ఉన్నాను. స్టేషను నుంచి జట్టంతా వాడిని భుజాల మీద ఎక్కించుకుని వస్తున్నారు. దూరం నుంచి చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి, నడవలేక మోసుకొస్తున్నారేమో అని! "దించండిరా, నడవనీయండి!" అని అరిచాను. వాడు దూకి పరుగెత్తుకుంటూ వచ్చి నన్నే ఎత్తి తిప్పాడు. నడివీధిలో, అందరూ చూస్తుండగా. సిగ్గూ లేదు ఏమీ లేదు, నేనూ నవ్వుతూనే ఉన్నాను.

మీ బావ చీకటి పడ్డాక వచ్చాడు. అరుప్పుకోట్టైలో బేరం కుదరలేదన్నాడు. అప్పటికి నీ ఉత్తరం రాలేదు, నిజమే అనుకున్నాను. వచ్చాక చదివి, తెలియనట్టే ఉన్నాను. ఆయన మండీ లెక్కలే చెప్తున్నాడు. స్కూలు సంగతి గాని, ఆట సంగతి గాని, ఒక్క ముక్క లేదు. వాడు నడిచి వచ్చాడు గనుక ఈసారికి సరే. మరి వచ్చే ఆట? ఆ తరువాతి ఆట? ప్రతిసారీ వాడి మెడ మీద ఆ మాట వేలాడుతూ ఉంటే వాడు ఎలా ఆడతాడు, ఎలా చదువుతాడు? అడగాలని నోటిదాకా వస్తోంది, అడగలేకపోతున్నాను.

బొమ్మక్క


విరుదునగర్
ఫిబ్రవరి, ఆదివారం

మామకు,

చిన్నతంబి దండాలు. ఇది నాన్న చెప్తుండగా నేను రాస్తున్నాను. నాన్నకు తమిళం రాయడం వచ్చు, తెలుగు రాయడం రాదు. తమిళంలో మీరే రాయొచ్చు కదా అన్నాను. "మీ అమ్మా మీ మామా తెలుగులో రాసుకుంటారు, నేను మాత్రం ఏల వేరేగా రాయాల?" అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు గనుక అలాగే రాస్తున్నాను.

బావమరిది కుమారసామికి నల్లసామి రాసేది. ఆ దినం నేను అరుప్పుకోట్టైకి పోలేదు. నీకు తెలుసు. మీ అక్కకు తెలియదని అనుకుంటా ఉంటి, ఆమెకూ తెలుసు. రెండు దినాలుగా నన్ను చూసేది, ముంత కోసం తిరిగినట్టు పక్కకు తిరిగి నవ్వేది.

(మామా, నాన్న చెప్పినట్టే రాశాను.)

నాకు ఆ ఆట తెలియదు. చెండు ఎటు పోతే మంచిదో కూడా తెలియదు. వాడు కింద పడినప్పుడు తాడు దాటి లోపలికి వస్తిని. వాడు లేచినాడు. అంత దూరం కాలు చాచి, ఒళ్ళు నేలకు వేసి, ఏమీ కానట్టు లేచినాడు. నేను నా జన్మలో అట్లాంటిది చూడల్యా.

ఇక్కడ నేను కలం ఆపాను. వాడు అని రాయనా, చిన్నతంబి అని రాయనా అని అడిగాను. "నా కొడుకు అని రాయి" అన్నాడు.

నా కొడుకు బాగా ఆడినాడు. నీ అక్క వాడికి నేర్పించింది, నువ్వు ఆమెకు నేర్పిస్తివి. నేను భయపెడితిని. భయపెట్టేది ఇంక లేదు. కాలు బాగుండే దాకా స్కూలుకు పోనీ... కాదు, అది కొట్టేయరా. నా కొడుకు స్కూలు మానడు. ఆటా మానడు. కాలు పట్టినా మానడు, పడితే నయం చేసుకుంటాడు. మండీకి వేరే ఆళ్ళు ఉండారు. అంతే రాయి.

రాశాను. రాసింది చదవమన్నాడు. నా కొడుకు స్కూలు మానడు, ఆటా మానడు అని చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. అమ్మ వంటింట్లో ఉంది.

"గొంతు ఎత్తి చదువురా" అన్నాడు నాన్న. "మీ అమ్మకు వినపడాల."

గొంతు ఎత్తి చదివాను.